ఘంటసాల మీకేమవుతారు?

మొన్న చీరాలలో మా పెదనాన్నకి సహస్ర చంద్ర దర్శనం చేశారు. ఫంక్షన్ హాలు గేటు దగ్గరే పన్నెండడుగుల ఫ్లెక్స్ కట్టారు. కింద పెదనాన్న, పెద్దమ్మ పూలదండలతో కూర్చున్న ఫొటో, పైన గుండ్రంగా కత్తిరించిన బొమ్మలు మూడు. ఎడమ పక్కన గాయకుడు ఘంటసాల. మధ్యలో ఒక పాత నలుపు తెలుపు ఫొటో, అదెవరో వచ్చినవాళ్ళలో సగం మందికి తెలీదు, దగ్గరికెళ్ళి చదివితే ఘంటసాల బలరామయ్య అని ఉంది. కుడి పక్కన తమన్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తల కొంచెం వంచి. ముగ్గురి మీదా వంపుగా బంగారు రంగు అక్షరాలు: మా వంశ రత్నాలు.

ఫ్లెక్స్ వేయించింది పెదనాన్న కొడుకు, మా అన్నయ్య. చెప్పులు విప్పకుండానే అడిగేశా, వీళ్ళు మనకేమవుతారు అన్నయ్యా అని. "ఘంటసాల వాళ్ళేగా" అన్నాడు. అది కాదు, వరస ఏంటి అన్నా. "ఎక్కడో కలుస్తాం లేరా, లోపలికెళ్ళి టిఫిన్ చెయ్యి ముందు" అన్నాడు. టిఫిన్ చేశా. పెసరట్టు బావుంది. కానీ ఆ "ఎక్కడో కలుస్తాం" అన్న మాట మాత్రం రెండు వారాలైనా వదల్లేదు, అందుకే ఇదంతా.

అవును, మా ఇంటి పేరు ఘంటసాల. నాకు పాడటం రాదు. బడిలో జనగణమన పాడేటప్పుడు కూడా మాస్టారు నన్ను పెదాలు మాత్రం కదపమనేవారు. ఆయన మొదటి రోజు హాజరు పట్టీలో నా పేరు చూసి ఎంత సంబరపడ్డారో, ఆగస్టు పదిహేను రిహార్సల్ నాటికి అంత నీరసపడ్డారు. అప్పట్నించీ ఇప్పటిదాకా, గ్యాస్ బుకింగ్ దగ్గర్నించి పెళ్ళిచూపుల దాకా, నా పేరు విన్నవాళ్ళ మొదటి ప్రశ్న ఒక్కటే: ఘంటసాల మీకేమవుతారు? రెండోది, మీరూ పాడతారా? ఏమీ కారండీ, పాడనండీ అంటే వాళ్ళ మొహం ఎలా పడిపోతుందంటే, నేనేదో వాళ్ళకి బాకీ ఉండి ఎగ్గొట్టినట్టు.

ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. ఆయన గొంతులో భగవద్గీత ఎక్కడ వినపడినా వీధి చివర ఎవరో పోయారనుకునే జనం కదా మనం. వైకుంఠ రథాల్లో ఆ రికార్డు అంతలా అరిగిపోయింది. ఒకసారి అద్దెకి ఇల్లు చూడ్డానికెళ్తే ఆ ఇంటాయన నా పేరు విని "అబ్బా, పొద్దున్నే గీత గుర్తుచేశారండీ" అన్నాడు. ఇల్లు ఇచ్చాడు లెండి.

దాచడం ఎందుకు, నేనూ ఒకసారి వాడుకున్నా. విశాఖ వెళ్ళే రైల్లో అమ్మకి పై బెర్త్ వచ్చింది, మోకాళ్ళ నొప్పులు, ఎక్కలేదు. టీటీఈ చార్టు చూస్తూ చూస్తూ ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఘంటసాలా? మాస్టారికి బంధువులా?" అన్నాడు. కారు అనబోయి అమ్మ మోకాళ్ళ వైపు చూసి "దూరపు చుట్టం" అన్నా. కింద బెర్త్ వచ్చింది. ఆయన ఒక పాట కూడా పాడి వినిపించాడు, బానే పాడాడు. కాబట్టి అన్నయ్యని అడిగే హక్కు నాకెంత ఉందో నాకే అనుమానం. కాకపోతే నేనాడింది బెర్త్ కోసం అబద్ధమని నాకు తెలుసు, అన్నయ్య మాత్రం మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. గొడవంతా ఆ నమ్మకంతోనే.

ముగ్గురు, రెండు కుటుంబాలు

ఫ్లెక్స్ మీద ఉన్న ముగ్గురినే తీసుకుందాం. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఘంటసాల బలరామయ్య 1906లో నెల్లూరు దగ్గర పొట్టేపాలెంలో పుట్టారు. మధ్యలో రెండు వందల కిలోమీటర్ల పైమాటే. బలరామయ్య నిర్మాత, దర్శకుడు, ప్రతిభా సంస్థ ఆయనదే. బెజవాడ రైల్వే స్టేషన్లో అక్కినేని అనే కుర్రాడిని చూసి మద్రాసు తీసుకెళ్ళి, 1944లో సీతారామ జననంలో రాముడి వేషం ఇచ్చింది ఈయనే. ఆ సినిమాలోనే కోరస్‌లో గొంతు కలిపి చిన్న వేషం వేసిన ఇంకో కుర్రాడు గాయకుడు ఘంటసాల. నాలుగేళ్ళకి బలరామయ్య తీసిన బాలరాజు, అందులో అక్కినేనికి ఘంటసాల పాట. అంటే ఒకే సినిమాకి దర్శకుడూ ఘంటసాలే, పాడిందీ ఘంటసాలే. ఇక జనం అన్నదమ్ములో, బాబాయి అబ్బాయిలో అనుకోక ఏం చేస్తారు?

తమన్ సంగతి ఇంకా తమాషా. అసలు పేరు ఘంటసాల సాయి శ్రీనివాస్. సంగీతం, పైగా ఘంటసాల, ఇంకేముంది, గాయకుడి మనవడే అని మా ఆఫీసులో ముగ్గురు నాతో పందెం కాయడానికి కూడా సిద్ధపడ్డారు. ఆయన బలరామయ్య గారి మనవడు. తండ్రి శివకుమార్ డ్రమ్మర్, సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర వాయించారు. తమన్‌కి లయ ఆ ఇంట్లోంచి వచ్చింది, ఎవరూ దాచలేదు, అడిగితే ఆయనే చెప్తాడు, కానీ జనానికి ఆ జవాబు నచ్చదు. పేరు కలిశాక రక్తం కలవకపోతే లెక్క తప్పినట్టు ఉంటుంది మనకి.

నాకు ఆ గాయకుడి కథలో బాగా గుర్తుండేది ఆయన పేరు కాదు, జోలె. సంగీతం నేర్చుకుందామని విజయనగరం వెళ్ళి, తిండికి దారిలేక మధుకరం ఎత్తారు, ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పాఠం చెప్పారు. ఆ రోజుల్లో ఏ గుమ్మంలోనూ ఎవరూ "ఓహో, ఘంటసాల వారా" అని ఇంకో ముద్ద ఎక్కువ వేసి ఉండరు, ఎందుకంటే ఆ మాటకి అప్పటికి అంత బరువు లేదు, బరువంతా తర్వాత ఆయన తెచ్చిందే. ఇప్పుడు ఆ బరువులోంచి మా పెదనాన్న ఫ్లెక్స్‌కి ఒక చెంచాడు తీసుకున్నాం.

టీ కొట్టు దగ్గర

నాలుగేళ్ళ కిందట మచిలీపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళి, ఇంత దూరం వచ్చాం కదా అని ఘంటసాల ఊరు చూద్దామని బయల్దేరా. చల్లపల్లి దగ్గర. కృష్ణా డెల్టా ఊరు ఎలా ఉండాలో అలానే ఉంది, కాలవ, వరి, గట్టు మీద కొబ్బరిచెట్లు. జలధీశ్వరాలయానికి వెళ్ళా, అక్కడ శివుడూ పార్వతీ ఒకే పానవట్టం మీద ఉంటారు. తర్వాత బౌద్ధ స్తూపం దిబ్బ. 1890ల్లో అలెగ్జాండర్ రీ అనే దొర తవ్వించిన చోటు. అసలు ఈ ఊరి వయసు తెలిస్తే ఎవరికైనా కొంచెం తల తిరుగుతుంది. రెండో శతాబ్దంలో టాలమీ రాసిన భూగోళంలో కంటకోస్సిల అనే రేవు ఉంది, అది ఇదే అంటారు. నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తను చేసిన దానాలన్నీ చెప్పుకుంటూ, కంటకసేలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించానంటుంది. ఆ కంటకసేలే నోళ్ళలో నాని నాని ఘంటసాల అయింది. చిన్నప్పుడు మా బాబాయి మాత్రం గంటలు పోతపోసే శాల కాబట్టి ఘంటశాల అని ఎంతో నమ్మకంగా చెప్పేవాడు. పాత పేరులో గంటా లేదు, శాలా లేదు.

దిబ్బ చూసొచ్చి టీ కొట్టు దగ్గర కూర్చున్నా. టీ పోసే పెద్దాయన ఎవరింటికొచ్చారు అనడిగాడు. ఎవరింటికీ కాదండీ, మా ఇంటి పేరు ఘంటసాల, అందుకని ఊరు చూద్దామని వచ్చా అన్నా. మనసులో ఒక మూల చిన్న ఆశ, ఆయన లేచి నిలబడతాడని కాదు గానీ, కనీసం అలాగా అంటాడని. ఆయన గ్లాసు తొలుస్తూ తలెత్తకుండా అన్నాడు: "అయితే మీది ఈ ఊరు కాదన్నమాట."

నాకు మొదట వెటకారం అనిపించింది. తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పాడు. ఊళ్ళో ఉన్నవాడిని ఊరి పేరుతో ఎవరు పిలుస్తారండీ, ఇక్కడందరం ఘంటసాల వాళ్ళమే కదా, ఏ ఘంటసాలాయన అంటే ఏం చెప్తాం. పక్క ఊరికి పోయి కాపురం పెడితే అక్కడివాళ్ళు అంటారు, ఆ ఘంటసాల నుంచి వచ్చినాయన అని. బెంచీ మీద కూర్చున్న ఇంకో ఇద్దరిని కూడా అడిగా, వాళ్ళ ఇళ్ళ పేర్లు వేరే ఊళ్ళవి. వాళ్ళ తాతలు ఆ ఊళ్ళ నుంచి వచ్చి ఉంటారు.

టీ ఐదు రూపాయలు. ఇన్నేళ్ళలో మా ఇంటి పేరు గురించి నేను నేర్చుకున్న ఒకే ఒక్క పనికొచ్చే సంగతి అది. మా పేరు మేం పెట్టుకుంది కాదు, మేం దిగిన ఊరివాళ్ళు పెట్టింది. మాది ఆ ఊరని అది చెప్పదు, ఎప్పుడో ఎవరో ఆ ఊరు వదిలేశారని చెప్తుంది. ఎందుకు వదిలారో తెలీదు. కరువో, తగువో, అప్పో, ఇల్లరికమో. అలా వదిలినవాళ్ళు ఒక్క కుటుంబమే అయి ఉండాలనీ లేదు. వందేళ్ళకో కుటుంబం, తలో దిక్కుకి, తలో కులం నుంచి వెళ్ళి ఉంటుంది, వెళ్ళిన ప్రతిచోటా అదే పేరు పడుతుంది. నెల్లూరు వైపు వెళ్ళినవాళ్ళూ ఘంటసాలే, చీరాల వైపు వచ్చిన మావాళ్ళూ ఘంటసాలే. ఒకే బస్టాండులో బస్సెక్కిన వాళ్ళంతా చుట్టాలంటే ఎలా?

ఆ ఊరి శిల్పాలు కొన్ని పారిస్‌లో గీమే మ్యూజియంలో ఉన్నాయి. వాటి కింద ఘంటసాల అని రాసి ఉంటుంది. అవీ మాలాగే, ఊరు దాటాక ఊరి పేరు తగిలించుకున్నాయి.

తెలుగు ఇళ్ళ పేర్లలో చాలా వాటి కథ ఇదే. గురజాడ అనగానే అందరికీ విజయనగరం గుర్తొస్తుంది, గురజాడ ఊరు మాత్రం కృష్ణా జిల్లాలో ఉంది. కొణిదెల అనే ఊరు నందికొట్కూరు దగ్గరుంది, అక్కడ డాన్సులు రానివాళ్ళు కూడా ఉంటారు. ఊళ్ళవి కాకపోతే గుర్రం, పులి, ఉప్పు, పప్పు, చింతకాయల. వాటి వెనక ఏ వెక్కిరింతలు ఉన్నాయో, అసలువాళ్ళు పోయారు, వెక్కిరింత మాత్రం ఆధార్ కార్డులో మిగిలింది.

అన్నయ్య పక్షాన

అన్నయ్య వాదన తీసిపారేసేది కాదు, నిజంగానే. ఎక్కడో కలుస్తాం అన్నది అబద్ధం కాదు. ఒక్కొక్కరికి ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు అమ్మమ్మ నానమ్మలు తాతయ్యలు, అలా ఇరవై తరాలు వెనక్కెళ్తే పది లక్షలు దాటుతుంది లెక్క. ఆ పది లక్షల్లో ఎవరో ఒకరు గాయకుడి వాళ్ళతో కలవకుండా ఉంటారా? కలుస్తారు. కానీ అదే లెక్కన పక్కింటి గుర్రం వాళ్ళతోనూ కలుస్తాం, ఫ్లెక్స్ కట్టినవాడితోనూ కలుస్తాం. అందరితో కలిసే చుట్టరికానికి ఫ్లెక్స్ ఎందుకు?

అన్నయ్య ఇంకో మాట కూడా అన్నాడు, అది నన్ను కొంచెం ఆపింది. "నాన్న నలభై ఏళ్ళు తాలూకాఫీసులో గుమస్తా చేశాడు. ఆ ఫ్లెక్స్ మీద నాన్న గురించి ఏం రాయాలి, నువ్వు చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు అప్పుడు. తర్వాత తట్టింది, పెదనాన్న తన జీతంతో ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, వాన వచ్చినా సైకిల్ మీద పొన్నూరు దాకా వెళ్ళి మా నాన్నకి ఫీజు కట్టొచ్చాడు. అది రాయొచ్చు. కానీ బంగారు రంగు అక్షరాల్లో అలాంటివి ఎవరూ రాయించరు, నాకూ తెలుసు.

ఇక ఈ "ఏమవుతారు" అన్న ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాక్కుని ఉంటుంది, మనందరికీ తెలుసు, మర్యాదకి బయటికి అనం. పేరు చూసి కులం తేలకపోతే, ఫలానా ఆయన మీకేమవుతారు అని అడుగుతారు. అవుతారంటే తేలిపోయింది. కారంటే, "మరి మీ గోత్రం?" అని రెండో మెట్టు. నేను పూణేలో మూడేళ్ళు పనిచేశా, అక్కడ మా టీమ్‌లో ఒక మరాఠీ ఆవిడ నా పేరు రెండు ముక్కలు చేసి "ఘంటా, శాళా, అంటే బడి గంటా?" అని నవ్వింది. అంతే. ఇంకేం అడగలేదు. ఆ మూడేళ్ళూ నేను ఎవరికీ ఏమీ కానక్కర్లేకపోయింది. ఎంత తేలిగ్గా ఉండేదో చెప్పలేను. అయినా మూడో ఏడు ఎయిర్‌పోర్టులో ఎవరో తెలుగాయన బోర్డింగ్ పాస్ చూసి ఘంటసాల గారా అంటే ప్రాణం లేచొచ్చింది, అదీ నిజమే.

పేరు వెంట రక్తం వస్తుందనుకునేవాళ్ళకి శ్రీశ్రీ ఒక్కడు చాలు. పుట్టింది పూడిపెద్ది వారింట్లో. దత్తత వెళ్ళాక శ్రీరంగం. ఆ దత్తత జరగకపోతే మనకి ఉండేది పూశ్రీ.

అక్క

ఇంతసేపూ చెప్పకుండా దాటేసింది ఒకటుంది. మా ఇంట్లో పాడేవాళ్ళు ఒకరున్నారు. మా అక్క. ఏడో ఏట నుంచి సంగీతం నేర్చుకుంది, డిప్లొమా చేసింది, ఇరవై రెండేళ్ళుగా గుంటూరులో ఇంట్లోనే పిల్లలకి పాఠాలు చెప్తోంది. వాళ్ళింటి ముందు సాయంత్రం అయిదింటికి చిన్న చిన్న చెప్పులు పాతిక జతలు ఉంటాయి. పెళ్ళయ్యాక అక్క ఇంటి పేరు మారింది. బావగారి ఇంటి పేరుతో సంగీతానికి ఏ సంబంధమూ లేదు, కాబట్టి ఆవిణ్ణి ఎవరూ మీరు పాడతారా అని అడగరు. పాడటం రాని నన్ను అడుగుతారు.

సహస్ర చంద్ర దర్శనం రోజు పురోహితుడు గారు కాస్త విరామం ఇచ్చినప్పుడు పెద్దమ్మ అడిగితే అక్క మైకు కూడా లేకుండా ఒక త్యాగరాజ కృతి పాడింది. హాల్లో ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది. పెదనాన్నకి చెవులు సరిగ్గా వినపడవు, అయినా తొడ మీద తాళం వేస్తున్నాడు, అదీ కరెక్టుగానే. అయిపోయాక నా పక్కన కూర్చున్నాయన, పెద్దమ్మ తరఫు వాళ్ళు, వెనక్కి తిరిగి అన్నయ్యతో అన్నాడు: "ఊరికే వస్తుందా అండీ, ఘంటసాల వారి రక్తం." అన్నయ్య "మరే" అన్నాడు.

నేను ఆగలేక, మరి అక్క ఫొటో ఫ్లెక్స్ మీద లేదేం అన్నయ్యా అన్నా. అన్నయ్య నిజంగా ఆశ్చర్యపోయాడు, నేనేదో లౌక్యం తెలియని మాట అన్నట్టు. "దానికి ఇంటి పేరు మారింది కదరా" అన్నాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, అక్కంటే అన్నయ్యకి ప్రాణం, పుస్తెల తాడు చేయించింది కూడా తనే. కానీ చూడండి, ఎప్పుడూ కలవని నెల్లూరు వాళ్ళు పేరు వల్ల మావాళ్ళయ్యారు, మా ఇంట్లో పుట్టిన పిల్ల పేరు వల్ల బయటిదయింది, రెండూ ఒకే ఫ్లెక్స్ మీద.

అక్కకి చెప్తే నవ్వేసింది. తనకి బాధ లేదంటుంది, ఆ ముగ్గురి పక్కన నన్ను పెడితే నవ్విపోతారు రా అంటుంది. అది వినయమో, ఇన్నేళ్ళ అలవాటో నాకు తేలలేదు. వాళ్ళమ్మాయి పేరు ముందు ఏ ఇంటి పేరు పెట్టారని ఎప్పుడైనా ఆలోచించావా అనడిగితే "దానికి గొంతు రాలేదు, నీ పోలిక" అని మాట మార్చింది.

సాయంత్రం హాలు ఖాళీ చేసేటప్పుడు ఫ్లెక్స్ ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు. పెదనాన్న మొహం ఉంది కాబట్టి పారేయడానికి చేతులు రావు. అక్కే చుట్టి కారు డిక్కీలో పెట్టించింది, వేసవి వస్తోంది, పనికొస్తుంది అంది. నిన్న వాట్సాప్‌లో ఫొటో పంపింది. మేడ మీద ఫ్లెక్స్ తిరగేసి పరిచి, తెల్లటి వైపు గుమ్మడి ఒడియాలు పెట్టింది వరసలు వరసలుగా. గాలికి ఎగరకుండా మూలల మీద ఇటుకలు. ఒక మూల మాత్రం మడత పడి బొమ్మ వైపు పైకి తేలింది, అక్కడ తమన్ హెడ్‌ఫోన్స్ సగం కనిపిస్తున్నాయి. కింద రాసింది: కాకుల్ని చూస్తున్నాడు.